రెండు కంచాలు, ఒక బెల్టు

మే 6, మంగళవారం

ఈ డైరీ కంపెనీ జనవరిలో పంచింది. ఇన్నాళ్ళూ బర్రెల కొట్టంలో దాణా డబ్బా మూత మీద బరువుకు పెట్టాం. ఇవాళ దుమ్ము దులిపి తెచ్చుకున్నాను. ఎందుకంటే ఈ రోజు నుంచి నేను ఎవరి మీదా అరవకూడదు. వెస్లీ సార్ ఆర్డర్. ఫోన్ దగ్గర కూర్చున్నవాడు అరిస్తే కంపెనీ పరువు పోతుందట. సరే. ఇందులో అరుస్తాను.

ఏడేళ్ళుగా లిఫ్ట్ షాఫ్టుల్లో వేలాడుతున్నవాణ్ణి. ఐటీఐ లేదు, డిప్లొమా లేదు. పదో తరగతి కూడా రెండో దెబ్బకు గట్టెక్కాను. ఫోన్లో వీడియోలు చూసి, పాత మోటార్లు విప్పి, షాకులు కొట్టించుకుని నేర్చుకున్న పని. చప్పుడు వింటే చాలు, ఏ అంతస్తులో ఏ రోలర్ అరిగిందో చెప్తాను. అట్లాంటి నన్ను తెచ్చి కంప్లైంట్ల ఫోన్ ముందు పడేశారు. కారణం, షాఫ్టులో ఒంటికి కట్టుకునే సేఫ్టీ బెల్టు వంద కిలోల దాకే ఆపుతుంది. మొన్న మెడికల్‌లో నేను నూట ఏడు తూగాను.

"బెల్ట్ మీద ఏం రాసి ఉన్నదో జెర చదువు," అని వెస్లీ సార్ దాన్ని నా ముఖం మీద పెట్టారు.

"పెద్ద బెల్ట్ తెప్పియ్యుండ్రి సార్. కంపెనీ గంత గరీబైందా?"

"బెల్ట్ తెప్పిస్త. నీ షుగర్ బార్డర్ల ఉన్నది, దానికేం తెప్పియ్యాలె?"

బోనాలు అయిన మంగళవారం మళ్ళీ తూకం. వంద లోపు ఉంటే షాఫ్టు. లేకపోతే జీవితాంతం ఫోను. అప్పటిదాకా నా లిఫ్టులన్నీ అంజన్ చూస్తాడు. అంజన్! నట్టు ఏదో బోల్టు ఏదో నేను చెప్తే తెలిసినవాడు. పైగా నేను వారం వారం సైదాబాద్‌లో ఒక న్యూట్రిషనిస్టు దగ్గరికి పోవాలట. ఎట్లా తినాలో ఆమె నేర్పుతుందట. ఇన్నేళ్ళూ నేను చెవితో తింటున్నానా?

మే 8, గురువారం

లిఫ్ట్‌లో ఇరుక్కుని ఒకాయన ఫోన్ చేశాడు.

"బటన్ నొక్కిన, తలుపు తెరుస్తలేదు."

"ఏ బటన్ నొక్కిండ్రు సార్?"

"అన్నీ నొక్కిన."

అరవలేదు. పెన్సిల్ విరిచాను.

మే 10, శనివారం

సైదాబాద్ పోయాను. మూడో అంతస్తు. లిఫ్ట్ మా కంపెనీదే. ఎక్కుతుంటే రెండో అంతస్తు దగ్గర డోర్ రోలర్ మూలుగుతోంది. అంజన్ పనితనం.

న్యూట్రిషనిస్టు పేరు ప్రీతి. నాకన్నా కొంచెం పెద్దదేమో. టేబుల్ మీద ప్లాస్టిక్ ఇడ్లీ, ప్లాస్టిక్ చపాతీ, ప్లాస్టిక్ అన్నం ముద్ద పేర్చి పెట్టింది. ఇడ్లీని గోరుతో గిచ్చి చూశాను. ఆమె చూసింది.

"అవి తినమని చెప్పను, భయపడకండి."

ఒక కాగితం చేతిలో పెట్టి పంపిస్తుందనుకున్నాను. గంటసేపు ప్రశ్నలు. ఎప్పుడు లేస్తారు, ఇంట్లో ఎవరెవరు, ఎవరు వండుతారు, పని మధ్యలో ఆకలేస్తే ఏం చేస్తారు, ఇంట్లో షుగర్ ఎవరికుంది. పోలీస్ స్టేషన్ నయం.

"ఇంతకీ ఏం బంద్ చెయ్యాల్నో చెప్పుండ్రి మేడం."

"ఇప్పుడే ఏదీ మానొద్దు. రోజూ తినేదే తినండి. తినే ముందు కంచం ఫోటో తీసి నాకు పంపండి. మీరేం తింటారో తెలియకుండా ఏం మానమని చెప్తాను?"

నేను లిఫ్ట్ చప్పుడు వినకుండా రిపేరు చెప్పనట్టు. ఆ సంగతి నాకూ తెలుసు. ఆమె నోట వింటే ఒళ్ళు మండింది.

మే 12, సోమవారం

మొదటి ఫోటో పంపాను. నిజాయితీగా. అమ్మ వడ్డించిన కంచం. అన్నం గుట్ట, దాని మీద పప్పు, పక్కన ఆలుగడ్డ వేపుడు, నిన్నటి మేక కార్జం ఫ్రై, చివరికి గడ్డపెరుగు, పెరుగు మీద మీగడ. మాది పాడి ఇల్లు. నాలుగు బర్రెలు. పాలు అమ్ముడుపోతాయి, మీగడ నాకు మిగులుతుంది. ఇది మా ఇంటి రూలు.

ఆమె జవాబు: "బాగుంది. మీరే వడ్డించుకుంటే ఇంతే పెట్టుకుంటారా?"

అంటే ఏంటి? మా అమ్మది తప్పా? ఫోన్ విసిరేద్దామనుకున్నాను. నా ఫోనే కాబట్టి ఆగాను.

మే 14, బుధవారం

బ్రహ్మాండమైన ఐడియా.

మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి వంటింట్లో కింద అమ్మ కంచం ఉంది. అమ్మ బర్రెను కట్టేసి రావడానికి కొట్టంలోకి పోయింది. కంచంలో పిడికెడు అన్నం, ఒక మామిడికాయ తొక్కు ముక్క, పలచటి మజ్జిగ. అమ్మ కూర్చుని చెయ్యి పెట్టబోతుండగా పై నుంచి టక్కున ఫోటో కొట్టి పంపేశాను.

"నా తలెకు ఫోటో ఎందుకురా?"

"మస్తుగ ఉన్నదమ్మా."

ప్రీతి మేడం: "ఈ పూట కూర లేదా?"

నేను: "డైట్ మేడం."

ఆ తర్వాత ఛత్రినాక బస్టాప్ దగ్గర మిర్చి బజ్జీలు తిన్నాను. అవి లెక్కలోకి రావు. నిలబడి తిన్నాను.

మే 15, గురువారం

ఈరోజు అమ్మకు ఒక్కపొద్దు. పొద్దంతా టీ తాగుతుంది, సాయంత్రం దీపం పెట్టాకే తింటుంది. అన్నం, తొక్కు. ఫోటో దొరికింది. సోమవారం, గురువారం, శనివారం ఒక్కపొద్దే. నాకు పండగే. ఇంత మంచి డైటు నేను జన్మలో చెయ్యలేను.

అమ్మ చాటలో బియ్యం ఏరుతూ గుప్పెడు గుప్పెడు నోట్లో వేసుకుంటోంది. కరకర చప్పుడు.

"ఏరేదెంత, బుక్కేదెంత?"

"నీ సొమ్మా? పోయి నీ ఫోన్ ఎత్తుకో పో."

మే 17, శనివారం

తూకం. నూట ఎనిమిది. పెరిగాను!

మెషిన్ చెడిపోయిందని చెప్పాను. మెషిన్ల సంగతి నాకు తెలుసని కూడా చెప్పాను. ప్రీతి మేడం తన బ్యాగు పెట్టి చూపించింది, మళ్ళీ తీసి చూపించింది. మెషిన్ బాగానే ఉంది. గలీజు మెషిన్.

ఆమె కోప్పడలేదు. ఫోన్లో నేను పంపిన కంచాలన్నీ ఒక్కొక్కటీ చూసింది. చాలాసేపు చూసింది.

"మెట్లెక్కితే ఆయాసం వస్తుందా?"

"లేదు మేడం."

"పొద్దున లేవగానే కళ్ళు తిరుగుతున్నాయా? తలనొప్పి?"

"లేదు. మస్తుగున్న."

"విచిత్రం. రావాలే," అంది.

నాకు రోగం రావాలని కోరుకునే మనిషికి కంపెనీ డబ్బులు కడుతోంది.

మే 20, మంగళవారం

అమ్మ బకెట్ ఎత్తమని మళ్ళీ పిలిచింది. ఇది మూడోసారి. ఇదివరకు రెండు చేతుల్లో రెండు బకెట్లు మోసేది. ఈమధ్య ప్రతి దానికీ "మహేందరూ" అంటోంది. వయసుతో పాటు బద్ధకం వస్తుందేమో.

మే 22, గురువారం

ఈరోజు నాకు దొరికిన ఒకే ఒక్క సంతోషం రాసుకుంటాను. సైదాబాద్ నుంచి కంప్లైంట్. ఆ బిల్డింగే. రెండో అంతస్తులో లిఫ్ట్ ఆగిపోయిందట. "మెకానిక్ ఎప్పుడొస్తడు?" అని వాచ్‌మన్ అడిగాడు.

"చూస్తం," అన్నాను.

చూడలేదు. అంజన్‌కు చెప్పలేదు. ప్రీతి మేడం రోజూ మూడంతస్తులు ఎక్కితే ఆవిడ ఆరోగ్యానికీ మంచిదే కదా. వ్యాయామం.

మే 24, శనివారం

ఇవాళ్టి సంగతి రాయాలా వద్దా అని ఆలోచించాను.

రాస్తున్నాను. మెట్లన్నీ ఎక్కి పోయాను. లిఫ్ట్ ఆగే ఉంది. ప్రీతి మేడం తూకం వెయ్యలేదు. ఫోన్ తిప్పి నా ముందు పెట్టింది. చివరి ఫోటో. అన్నం, తొక్కు.

"ఈ కంచం తినే మనిషికి పచ్చి బియ్యం బుక్కాలనిపిస్తుందా?"

అమ్మ గుర్తొచ్చింది. చాట, కరకర చప్పుడు.

"ఆ అలవాటుంటే ఒంట్లో ఐరన్ తగ్గిందేమోనని నాకు అనుమానం. పప్పు లేదు, ఆకుకూర లేదు, గుడ్డు లేదు. ఇలా తినేవాళ్ళు బరువులు ఎత్తలేరు. మెట్లు ఎక్కలేరు. మీకు ఇవేవీ లేవన్నారు."

"నాకు లేవు మేడం."

"మీకు ఉండవు. మీరు గాజులు వేసుకోరు కదా."

ఫోటోను వేళ్ళతో పెద్దది చేసింది. కంచం అంచు మీద చెయ్యి. ఆకుపచ్చ గాజులు.

"మొదటి రోజే చూశాను. మీరే చెప్తారనుకుని ఆగాను. పోయిన వారం అడిగేద్దామనుకున్నాను. అడిగితే మీరు ఫోటోలు ఆపేస్తారు, అప్పుడు ఆమె ఏం తింటుందో నాకు తెలియదు. అది మీ అమ్మగారి చెయ్యా?"

తలూపాను.

"ఫోటోలు చూసి రోగం పేరు చెప్పకూడదు. రక్తం పరీక్ష చేయిస్తేనే తెలుస్తుంది. ఆమెను ఒక్కసారి తీసుకురండి. మీ సంగతి తర్వాత చూద్దాం."

బస్సు దిగాక బజ్జీల బండి ముందు నుంచే నడిచాను. తినలేదు. ఇది మాత్రం నిజం.

మే 25, ఆదివారం

"నాకేం రోగం?" అంది అమ్మ.

"రోగం అంటలేనమ్మా. ఒక్కసారి చూపించుకుందం."

"బర్రెలను ఎవలు చూస్తరు? నీ బాపు పాలు పోస్కుంట చౌరస్తల ముచ్చట్లు పెడ్తడు. నువ్వు పోయి సన్నబడు."

బాపుని అడిగాను. "మీ అమ్మ ఎప్పుడన్న నా మాట విన్నదా? అట్లుంటే నేను ఇంత మంచిగ ఉంటుంటినా?" అన్నారు మా సాయిలు గారు. మా బాపు ఏ ప్రశ్నకూ జవాబు చెప్పడు.

మే 26, సోమవారం

అబద్ధం ఆడాను. పెద్దది.

"అమ్మా, ఆ మేడం ఏమన్నదో తెలుసా? నీ వంట తినే నేను ఖరాబైననట. నీకు వడ్డించుడు రాదన్నది."

అమ్మ చేతిలో చాట ఆగింది.

"ఏందీ?"

"గట్లనే అన్నది."

"ఎక్కడుంటదిరా అది?"

మే 27, మంగళవారం

అమ్మ జరీ అంచు చీర కట్టుకుంది. కొట్లాటకు పోయేటప్పుడు కట్టే చీర. ఆటోలో సైదాబాద్ దాకా డైలాగులు రిహార్సల్ చేసుకుంది.

బిల్డింగ్ ముందు దిగాం. లిఫ్ట్ దగ్గర అట్టముక్క: పని చెయ్యడం లేదు.

నేను. నేను బాగు కాకుండా ఆపిన లిఫ్టు. ఈ ముక్క రాస్తుంటే పెన్ను ఆగుతోంది.

మొదటి అంతస్తు దగ్గర అమ్మ గోడ పట్టుకుంది. రెండో అంతస్తు దగ్గర మెట్టు మీద కూర్చుంది. పెదవులు తెల్లగా ఉన్నాయి. ఎప్పటి నుంచి తెల్లగా ఉన్నాయో నాకు తెలియదు. రోజూ చూసే ముఖం.

"నువ్వు లోకంల లిఫ్టులన్ని బాగు చేస్తవ్," అంది ఊపిరి అందుకుంటూ. "మీ అమ్మ మెట్లెక్కాలె."

"ఎత్తుకోనా?"

"సిగ్గులేద్రా? నేను లడాయికి పోతున్న."

పైకి పోయాక అమ్మకు ఊపిరి వచ్చింది, దానితో పాటు గొంతూ వచ్చింది. ప్రీతి మేడం నీళ్ళిచ్చి కుర్చీ జరిపింది.

"కూసోండ్రి అమ్మా."

"కూసునుడు తర్వాత. నాకు వడ్డించుడు రాదన్నవంట? వీడు పుట్టినప్పుడు పిడికెడున్నడు. ఇంత మనిషిని చేసిన. తెలుసా నీకు?"

ప్రీతి మేడం నా వైపు చూసింది. నేను ఫ్యాన్ వైపు చూశాను.

"అన్నాను అమ్మా," అంది. ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "మీ కొడుక్కు వడ్డించుడు మస్తుగ వస్తది. మీకు మీరు వడ్డించుకునుడు రాదు."

అమ్మకు రిహార్సల్‌లో లేని డైలాగు. టేబుల్ మీది ప్లాస్టిక్ ఇడ్లీ చేతిలోకి తీసుకుంది. నొక్కింది. వాసన చూసింది.

"గిసుంటివి పెట్టమంటవా నా కొడుక్కు?"

ప్రీతి మేడం పగలబడి నవ్వింది. అమ్మ కూడా ఆపుకోలేక నవ్వేసింది. నవ్వితే దగ్గొచ్చింది. దగ్గు తగ్గేలోపు మేడం అమ్మ కింది కనురెప్ప లాగి చూసింది, గోళ్ళు చూసింది. అమ్మకు తెలియనే లేదు. పనిమంతురాలు. ఒప్పుకోక తప్పదు.

"వారంలో మూడు రోజులు సాయంత్రం ఫోటో ఒక్కటే వచ్చేది. ఒక్కపొద్దులు ఎప్పటి సంది ఉంటున్నారమ్మా?"

"వీడు గా బాయిల దిగుడు షురూ చేసిన కాడికెళ్ళి."

బాయి అంటే షాఫ్టు. ఒకసారి చూపించాను, ఎనిమిదో అంతస్తు నుంచి కిందికి. బాయి లెక్క ఉందంది.

"కొడుకు బాయిల ఏలాడుతుంటే తల్లికి ముద్ద దిగుతదా? నువ్వే చెప్పు."

"ఇప్పుడు దిగట్లేదు కదా. ఫోన్ దగ్గరే కూర్చుంటున్నాడు."

"మళ్ల దిగుతడు గద. ముందుగాల జమ చేసి పెడ్తున్న."

నేను లేచి కిటికీ దగ్గరికి పోయాను. నా బెల్టు ఆగాలని ఆమె తినడం మానింది. ఆమె తినంది నాకు పెట్టింది. నా బెల్టు ఆగకుండా అయింది. ఇంత తెలివి మా ఇంట్లోనే ఉంటుంది.

దిగేటప్పుడు అమ్మను అడక్కుండా ఎత్తుకున్నాను. తేలిగ్గా ఉంది. మూడంతస్తులూ వీపు మీద గుద్దుతూనే ఉంది.

కింద నుంచే అంజన్‌కు ఫోన్ చేశాను. సాయంత్రానికి లిఫ్టు నడవాలన్నాను. "చెప్పలేదేంది అన్నా ఇన్నొద్దులు?" అన్నాడు. అరవడానికి నోరు రాలేదు.

మే 30, శుక్రవారం

రక్తం రిపోర్టు వచ్చింది. హిమోగ్లోబిన్ పన్నెండు ఉండాల్సింది ఏడు ఉంది. ప్రీతి మేడం వెంటనే డాక్టర్ దగ్గరికి పంపింది. "మందు రాయడం నా పని కాదు, డాక్టరే రాయాలి," అంది. డాక్టర్ ఇంకా పరీక్షలు చేయించి ఐరన్ గోలీలు రాశాడు.

"బోనం ఎత్తుకోవచ్చా?" ఇదీ అమ్మ డాక్టర్‌ని అడిగిన ఒకే ఒక్క ప్రశ్న. మా వాడకట్టు నుంచి గుడి దాకా ఎక్కుడు దారి. నెత్తి మీద బోనం, ఒట్టికాళ్ళు, పొద్దున్నుంచి ఒక్కపొద్దు. పోయినేడు అమ్మ మధ్యలో ఆగింది. జనం ఎక్కువై ఆగిందనుకున్నాను.

"ఇట్లనే ఉంటే వద్దమ్మా. పడిపోతావు," అన్నాడు డాక్టర్.

"మొక్కు ఉన్నది."

"అయితే తిను."

జూన్ 3, మంగళవారం

ప్రీతి మేడం ఒక్కపొద్దు మానమని అంటుందని, అమ్మ ఆమెను మళ్ళీ తిడుతుందని ఎదురుచూశాను. అట్లా జరగలేదు.

"సోమవారం, శనివారం ఉండండి. గురువారం సంగతి మీరూ మీ గుళ్ళో బాబా మాట్లాడుకోండి. కానీ ఆ ఒక్క పొద్దులో తినే కంచం మాత్రం నేను చెప్పిందే."

ఆ కంచంలో పప్పు, తోటకూరో మెంతికూరో, నిమ్మకాయ చెక్క, పల్లీలు నువ్వుల బెల్లం ఉండ. ఒక్కపొద్దు లేని రోజుల్లో గుడ్డు, ఆదివారం కార్జం. తిన్నాక గంట దాకా టీ ముట్టొద్దు, టీ తాగితే తిన్న ఐరన్ ఒంటికి పట్టదట. మా అమ్మ ముద్ద ముద్దకూ టీ తాగుతుంది.

"కార్జం వీడు తింటడు," అంది అమ్మ.

"ఇన్నేళ్ళూ తిన్నాడు కదా. మీ ఇద్దరి కంచాలు మార్చుకుంటే నా పని సగం అయిపోతుంది."

అది జోకు. ఇంటికొచ్చాక అమ్మ మొదటిసారి గరిటె నా చేతికిచ్చి, "నువ్వే పెట్టుకో," అంది. ఎంత పెట్టుకోవాలో నాకు తెలియలేదు. నిజంగా తెలియలేదు.

జూన్ 8, ఆదివారం

మాదన్నపేట మార్కెట్‌లో ఆకుకూరలు కొన్నాను. పుంటికూర, తోటకూర పట్టుకుని నిలబడితే బండి దగ్గర మున్నీ ఆపా, "క్యా భాయ్, బకరీ పాలే క్యా?" అంది, మేకను పెంచుతున్నావా అని. నాకోసమే అన్నాను. నా పొట్ట చూసి నమ్మలేదు.

జూన్ 12, గురువారం

అమ్మ గోలీలు బర్రెకు వేస్తోంది.

దాణా బకెట్‌లో ఎర్రగా కనబడింది. పట్టుకున్నాను.

"దానికి కూడా రక్తం కావాలె గద. మొన్ననే ఈనింది."

అరిచాను. వాడకట్టు మొత్తం వినేట్టు. నెల రోజుల అరుపులన్నీ. అమ్మ చెవులు మూసుకుని టీ తాగింది.

జూన్ 14, శనివారం

ప్రీతి మేడం అరవలేదు. "బర్రె బాగుందా?" అని అడిగింది. తర్వాత, "వేసుకుంటే ఏమవుతున్నదమ్మా?" అంది.

అమ్మ నా వైపు చూసి గొంతు తగ్గించి చెప్పింది. కడుపులో తిప్పుతోందట, ఇంకా ఏదో నల్లగా వస్తోందట, పెద్దరోగమని భయపడిందట. ఈ మాట నేను ఎందుకు అడగలేదు?

నల్లగా రావడం ఆ గోలీకి మామూలేనని మేడం చెప్పింది. డాక్టర్‌తో ఫోన్లో మాట్లాడి గోలీ మార్పించింది. ఖాళీ కడుపుతో వద్దు, నిమ్మకాయ నీళ్ళతో వేసుకోమంది. ఏమీ అడగకుండా కాగితం మీద రాసిచ్చి పంపుంటే నేను అమ్మను నాలుగుసార్లు తిట్టేవాణ్ణి, బర్రెకు రక్తం బాగా పట్టేది.

నా తూకం? నూట ఐదు. అన్నం మానలేదు. సగం కంచం కూర, మీగడ బంద్, ఇంటి నుంచి ఆఫీసుకు నడక. ఆకలి అయితే పల్లీలు. బజ్జీల బండివాడు నన్ను చూసి "తబియత్ ఖరాబైందా భాయ్?" అంటున్నాడు, ఒంట్లో బాగాలేదేమోనని.

జూన్ 19, గురువారం

బజ్జీ. ఒకటే. సగం అంజన్ తిన్నాడు.

జూన్ 20, శుక్రవారం

ఒకటి కాదు.

జూన్ 28, శనివారం

బజ్జీల సంగతి నేనే చెప్పేశాను. "ఏ టైముకు?" అని మాత్రం అడిగింది. సాయంత్రం, ఫోన్లు ఎత్తి ఎత్తి బుర్ర వేడెక్కినప్పుడు. "అయితే అది ఆకలి కాదు, కోపం," అంది. కోపానికి ఏం తినాలి అని అడిగితే, నడవమంది. ఈ లెక్కన నేను నడిచి శ్రీశైలం చేరతాను.

జులై 9, బుధవారం

అమ్మ చాటలో బియ్యం ఏరింది. మొత్తం ఏరింది. మొత్తం బియ్యమూ కుండలోకే పోయింది.

నేను గడపలో కూర్చుని విన్నాను. కరకర చప్పుడు లేదు. లిఫ్టులో రోలర్ మార్చాక వచ్చే నిశ్శబ్దం ఉంటుంది. అట్లాంటిది.

"ఏం జూస్తున్నవ్రా?"

"ఏం లేదు."

బకెట్ ఎత్తడానికి కూడా పిలవలేదు. నేనే పోయి ఎత్తాను. తిట్టింది.

జులై 15, మంగళవారం

అమ్మ రక్తం పది దాటింది. డాక్టర్ బోనానికి సరే అని, నిదానంగా నడవమన్నాడు, ఊపిరి ఆడకపోతే అక్కడే ఆగాలన్నాడు. అమ్మ బోనం కుండ దించి పసుపు పూసింది.

నేను నూట ఒకటి. ఇంకో వారం. ఆ వారంలోనే బోనాలు. ఈ తూకం తేదీ పెట్టిన వెస్లీ సార్‌కు స్వర్గంలో కూడా లిఫ్టు దొరకకూడదు.

జులై 20, ఆదివారం

పొద్దున అమ్మ బర్రె పాలు పిండి, గ్లాసులో పోసుకుని, బెల్లం కలుపుకుని గటగటా తాగింది. ఇరవై ఏళ్ళుగా పాలు పిండుతున్న మనిషి తను పిండిన పాలు తను తాగడం మొదటిసారి చూశాను.

"ఒక్కపొద్దు గద?"

"పాలు తిండి కాదు. ఈ బర్రె నాకు చెల్లె లెక్క. చెల్లె ఇస్తే ఒక్కపొద్దు చెడదు."

"ఇది ప్రీతి మేడం చెప్పిందా?"

"ఆమెకేం తెలుసు? నేను, అమ్మవారు మాట్లాడుకున్నం."

మేడం నిన్ననే చెప్పింది, నేను విన్నాను. పాలు తాగి నడవమని. అమ్మ దాన్ని అమ్మవారి పేరు మీద రాయించేసింది.

డప్పులు. ఎక్కుడు మొదలైన దగ్గర నేను అమ్మ వెనకే నడిచాను, పడితే పట్టుకోవాలని చేతులు చాపి. పోయినేడు ఆగిన మలుపు వచ్చింది. అమ్మ ఆగలేదు. నేను ఆగాను, ఎందుకో కళ్ళలో పసుపు పడింది. నెత్తి మీద బోనం కదలకుండా, తల తిప్పకుండా అమ్మ అంది:

"చేతులు దించు. గుడ్డోని లెక్క నడుస్తున్నవ్. అందరు చూస్తున్నరు."

సాయంత్రం మటన్. వాడకట్టంతా వాసన. కంచం నేనే పెట్టుకున్నాను. బోనాలు ఏడాదికోసారి. గుట్టలాగే పెట్టుకున్నాను, రాస్తున్నా కాబట్టి ఒప్పుకుంటున్నాను. మేడంకు "జొన్నరొట్టె, కొంచెం కూర" అని మెసేజ్ పంపి ముద్ద కలిపాను.

ఫోన్ మోగింది. ప్రీతి మేడం పంపిన ఫోటో. నా కంచం! నా గుట్ట! కింద రాసింది: "ఈ చేతికి గాజులు లేవు. ఇది మీదే."

తల తిప్పి చూశాను. అమ్మ బాపు ఫోను కొంగు కింద దాస్తోంది.

"ఎన్నొద్దుల సంది పంపుతున్నవ్?"

"నువ్వు నాది పంపలే?"

సగం తీసి అమ్మ కంచంలో వేశాను. వద్దనలేదు.

జులై 22, మంగళవారం

తొంభై తొమ్మిది చిల్లర.

వెస్లీ సార్ మళ్ళీ ఎక్కమన్నారు. ఎక్కాను. అదే. చెప్పులు విప్పలేదు, కావాలనే విప్పలేదు.

"షుగర్ కూడా దిగింది. ఫోన్ల నువ్వు ఒక్కసారి గూడ అరవలే, కస్టమర్లు యాది చేసుకుంటరు," అన్నారు.

బెల్టు ఇచ్చారు. కొత్తది కాదు, నాదే. ప్రీతి మేడం దగ్గరికి ఇంకా పోతూనే ఉండాలట. పోతాను. అమ్మ ఎలాగూ పోతుంది. తను తిన్నది చూపించడానికి కాదు, నేను తిన్నది చెప్పడానికి.

జులై 24, గురువారం

మొదటి పని సైదాబాద్. ఆ బిల్డింగే. అంజన్ అప్పటికి నడిపించాడు గాని రెండో అంతస్తు రోలర్ ఇంకా మూలుగుతోంది. దాన్ని నేనే మార్చాలని అడిగి తీసుకున్నాను. ఎందుకో ఇందులో రాసే ఉంది.

బెల్టు కట్టుకున్నాను. బిగించాక కొస మిగిలింది. తలుపు తెరిచి కిందికి చూశాను. చీకటి, గ్రీజు వాసన. మధ్యాహ్నం అయింది. ఒక కాలు లోపల పెట్టాక ఫోన్ కదిలింది.

అమ్మ. ఫోటో. కంచం నిండా అన్నం, పప్పు, తోటకూర, నిమ్మకాయ చెక్క. అంచు మీద ఆకుపచ్చ గాజుల చెయ్యి. గురువారం మిట్టమధ్యాహ్నం. బాబాతో మాట్లాడుకుందన్నమాట.

కిందనే వాయిస్ మెసేజ్. వాల్యూమ్ పెంచితే షాఫ్టంతా మోగింది.

"నేను తింటున్నరా. ఇగ దిగు."

దిగాను.